కొత్తవలస నుంచి అరకు దాకా, పనితో సహా

హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి కిరండూల్ వైపు పట్టాలు చీలిపోయేది కొత్తవలస జంక్షన్లోనే. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. ఆ దారిన నేనూ మా మేనకోడలూ పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కాం. ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని తనకి కంపెనీ ఈ మధ్యే అనుమతిచ్చింది. నేను కొన్నేళ్ళుగా అలాగే బతుకుతున్నాను. మాలాంటి వాళ్ళని ఇప్పుడు డిజిటల్ నోమాడ్లంటున్నారు. త్సుగియో మకిమోటో, డేవిడ్ మేనర్స్ 1997లోనే ఆ పేరుతో ఒక పుస్తకం తెచ్చారు.

"మావయ్యా, పదింటికి మీటింగుంది. రైల్లోంచి మాట్లాడనా?" అంది.

వద్దన్నాను. శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా ఫర్వాలేదు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక సొరంగం వెంట సొరంగం వస్తుంది. ఈ లైను మొత్తం మీద 58 ఉన్నాయంటారు. మాట సగంలో ఉండగానే సిగ్నల్ పోతుంది. ప్రయాణం రోజున ఎవరికీ పని ఒప్పుకోకూడదన్నది తనకి చెప్పిన మొదటి పాఠం. మీటింగు మర్నాటికి మార్చుకుంది.

ఎదురు సీట్లో ఎస్.కోటలో ఎక్కిన పెద్దావిడ ఒళ్ళో మూట పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

"ఏటమ్మా, ఆపీసు సంచిలో ఎట్టుకుని తిరుగుతన్నావా?"

"అవును మామ్మా, ఎక్కడ కూచుంటే అక్కడే పని."

"అదృష్టమే తల్లీ. మా పెద్దోడు చెన్నపట్నంలో ఇళ్ళ పనికెళ్ళినాడు. ఆడి పని ఇంటికి తెచ్చుకోడానికి అవదు కదా."

ఉత్తరాంధ్ర బతుకంతా ఆ మాటలో ఉంది. ఒకప్పుడు ఇక్కడి జనం ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. ఈ రోజుకీ చెన్నై, హైదరాబాదుల్లో మేడలు కట్టడానికి వెళ్తున్నారు. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకి పోతున్నారు. పని ఎక్కడుంటే మనిషి అక్కడికి పోవడమే వాళ్ళకి తెలుసు. మనసుకి నచ్చిన చోటికి పనిని వెంటబెట్టుకుపోయే వీలు మాకు దక్కింది. ఎంత పెద్ద భాగ్యమో మా మేనకోడలికి నేను చెప్పనక్కర్లేకపోయింది. పెద్దావిడ దిగేటప్పుడు తనే మూట అందించింది.

సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగుడ స్టేషన్ దాటాక లోయ విప్పారుతుంది. నవంబరు కదా, వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. అరకులో దిగి, ఓ కుటుంబం ఇంటి మేడ మీద అద్దెకిచ్చే గది చూశాం. అడ్వాన్సు ఇచ్చేముందు రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములతో గదిలోనే వీడియో కాల్ చేయించాను. కిటికీ దగ్గర ఒకటి పనిచేసింది, రెండోది చేయలేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద వైఫై నడుస్తుందో లేదో కూడా అడిగాం. కొత్తవాళ్ళు కిటికీలోంచి కనబడే కొండని చూసి గది ఖాయం చేసుకుంటారు. ముందు చూడాల్సినవి ఇవీ.

మా ఇద్దరి పనీ ఎక్కువగా అమెరికా వేళలతోనే. అక్కడి తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే, చలికాలంలో మనకి రాత్రి ఏడున్నర. అంటే పగలు చాలావరకు మనది. మర్నాడు కాఫీ తోటకెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మొదళ్ళనల్లుకుని మిరియాల తీగ. బుట్ట నడుముకి కట్టుకున్న ఒకామె గుత్తిలో ఎర్రగా పండినవే ఒక్కొక్కటీ తుంచుతూ, పచ్చివి కొమ్మకే వదిలేస్తోంది. ఒక పండు నొక్కి మా మేనకోడలి అరచేతిలో పెట్టింది. తియ్యటి జిగురులో రెండు గింజలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ వెనక ఈ వేళ్ళ ఓపిక ఉంది.

"ఇక్కడే ఓ అరెకరం కొనుక్కుంటే బాగుణ్ణు, మావయ్యా" అంది. 1/70 చట్టం గురించి చెప్పాను. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అది అడ్డుకుంటుంది. ఉండాల్సిన చట్టమే. కొన్ని దేశాలు మాత్రం మాలాంటి వాళ్ళని రమ్మని పిలుస్తున్నాయి. ఎస్తోనియా 2020లో డిజిటల్ నోమాడ్లకి ప్రత్యేక వీసా తెచ్చింది. పోర్చుగల్‌లోని మదీరా దీవి 2021లో వాళ్ళకోసం ఓ పల్లెనే సిద్ధం చేసింది. ఆ పోర్చుగల్‌లోనే, లిస్బన్ నగరంలో అద్దెలు పెరిగి స్థానికులు వీధికెక్కారు. బయటి డబ్బు ఊరికి మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది.

అందుకే ఈ దారిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళని నిండు మనసుతో పిలుస్తూనే ఒక మాట చెబుతాను. రెండ్రోజులకో ఊరు మారకండి, ఒక్కచోట నెలైనా ఉండండి. కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఊరివాళ్ళ ఇంట్లోనే దిగండి, న్యాయమైన అద్దె ఇవ్వండి, కూరగాయలు వారపు సంతలో కొనండి. పగటి తీరికలో రోజుకో గంట ఆ ఊరి డిగ్రీ పిల్లలకి మీ పని నేర్పండి. కొత్తవలసలోనో ఎస్.కోటలోనో ఓ పిల్లాడు ఇల్లు వదలకుండా సంపాదించుకోగలిగితే, మీరు ఆ ఊళ్ళో ఉన్నందుకు సార్థకత.