తుపాకీకి దుర్బీను

వికారాబాద్ దాటి రైలు తాండూరు దారి పట్టిందంటే నేల రంగు మారుతుంది. అనంతగిరి ఎర్రమట్టి వెనకబడి నల్లరేగడి మొదలవుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది పండేది ఈ నేలలోనే. అడవిపందులు దిగేదీ ఈ చేలలోకే.

ఆ పందుల కోసమని మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో పదిహేను వందలకు తుపాకీ స్కోపు తెప్పించాడు. మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచి చూపుతుందట, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. తనకు తెలిసిన పెద్దయ్య భర్మారుకు, అంటే మూతి నుంచి మందు కూరే తుపాకీకి, బిగించి చూద్దామని నన్నూ లాక్కెళ్లాడు. పంట కాపలాకు భర్మారు లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. పెద్దయ్యకు ఆ లైసెన్సు తండ్రి నాటి నుంచీ వస్తోంది.

ఆయన ముందు తుపాకీ ఖాళీ అని చూపించాడు. గొట్టంలోకి గజం, అంటే మందు కూరే ఊచ, వదిలితే అడుగుదాకా పోయి ఠంగుమంది. మందు గానీ ఛర్రాలు గానీ ఉంటే ఆ మోత రాదు. మందును అంటించే టోపీ పెట్టే చోటు కూడా ఖాళీ.

గొట్టం మీద స్కోపు కూర్చునే గాడి లేదు. బోరు పైపు క్లాంపులు రెండు తెచ్చి, కింద సైకిలు ట్యూబు ముక్క వేసి బిగించాం. ఇసుక సంచుల మీద తుపాకీని కదలకుండా పడుకోబెట్టాం. యాభై మీటర్ల అవతల నిలబెట్టిన నాపరాయి కడీకి గీతల కాగితం అంటించాం. కాల్చకుండానే స్కోపును పరీక్షించే పద్ధతి ఇది. స్కోపు గుండీని 40 క్లిక్కులు తిప్పితే అద్దంలోని అడ్డగీత ఆ దూరంలో సుమారు 14.5 సెంటీమీటర్లు జరగాలి. మాది 12 దగ్గరే ఆగింది. వెనక్కి 40 తిప్పితే మొదటి చోటికి రాలేదు, వేలెడు తేడా. తల కాస్త పక్కకి జరిపితే కాగితం మీద గీతా జరిగింది.

పొద్దు గుంకే వేళ, అంటే పందులు దిగే వేళ, తొమ్మిది రెట్లలో కాగితం మసకబారింది. మూడుకు తగ్గిస్తే వెలుగు వచ్చింది.

"మంచి స్కోపు తెచ్చుంటేనా!" అన్నాడు మేనల్లుడు.

తెచ్చినా ఒరిగేదేమీ లేదు. అమెరికాలో భర్మారు రైఫిళ్లకు స్కోపులు పెడతారు. వాటి గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటాయి, గుండు తిరుగుతూ సూటిగా పోతుంది. పెద్దయ్యది నున్నటి గొట్టం. ఛర్రాలు పోను పోను చెదిరిపోతాయి. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పందిని చంపడం నేరం.

పెద్దయ్య నవ్వాడు. "మనం కొట్టేది పందిని కాదు బిడ్డా, దాని చెవులను. గీ దుర్బీనుల చెవులు కనవడ్తయా?"

క్లాంపులు తానే విప్పాడు. కన్ను ఆనించి కాలిస్తే తుపాకీ వెనక్కి తన్ని స్కోపు కనుబొమ్మ చీల్చేదట. గొట్టంలో ఉత్త మందు పోసి, పీచు కూరి, గజంతో నాలుగు దెబ్బలు వేశాడు. టోపీ పెట్టి మూతి ఆకాశానికెత్తాడు.

మోత చేనంతా దొర్లింది. తెల్లటి పొగ, గంధకం వాసన. ఎక్కడో కంది కొమ్మలు పటపటా విరిగిన చప్పుడు దూరమవుతూ పోయింది. దేన్నీ మేం చూడలేదు. ఆయనా చూడలేదు. గజం తుడుచుకుంటూ "పోయినయి" అన్నాడు.