లాల్‌బాగ్ గల్లీలో జీలకర్ర

ముంబయి లాల్‌బాగ్‌లో మసాలా దుకాణాల గల్లీ ఒకటుంది. మిర్చీ గల్లీ అంటారు. చించ్‌పోక్లీ స్టేషన్‌లో దిగి అటు నడిస్తే బోర్డు చదవక్కర్లేదు, తుమ్ములే దారి చూపిస్తాయి. మిరపకాయల బస్తాలు, ధనియాలు, జీలకర్ర, లవంగాలు. కొన్న సరుకు అక్కడే వేయించి, డంకులో దంచి ఇస్తారు. డంకంటే కరెంటుతో నడిచే రోకలి. ఏప్రిల్, మే నెలల్లో, వానలు పడకముందే ఏడాదికి సరిపడా మసాలా దంచించుకునేవాళ్లతో గల్లీ కిక్కిరిసిపోతుంది.

దాని చుట్టూ ఒకప్పుడు మిల్లులే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటి జాగాల్లో టవర్లు, మాల్‌లు లేచాయి. డంకులు మాత్రం ఆగలేదు.

అక్కడ నిలబడి చూస్తే నాకొకటి అర్థమైంది. బస్తా ఒక్కటే, వాడకం ఇంటికొక తీరు. మాల్వణీ మసాలాకి జీలకర్ర బాగా వేయించి మిరపకాయలతో కలిపి దంచుతారు. మన చారుపొడికైతే కందిపప్పు, ధనియాలు, మిరియాలు వేగాక, జీలకర్ర చివర్లో వేసి వెంటనే దించెయ్యాలి. మాడిందా, చారంతా చేదే.

ఆ జీలకర్ర ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్ పంట. గుజరాత్‌లోని ఉంఝా దానికి పెద్ద మార్కెట్. మన దేశపు జీలకర్ర చైనాకీ, బంగ్లాదేశ్‌కీ, గల్ఫ్‌కీ కూడా ఓడలెక్కుతుంది. చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గుర్లు మాంసం ముక్కలు చువ్వకు గుచ్చి, బొగ్గుల మీద కాలుతుండగానే జీలకర్ర, కారం చల్లుతారు. కొవ్వు కరిగి పొడి అక్కడే వేగుతుంది.

ఈజిప్టులో కూలీనాలీ జనం పొద్దున తినేది ఫూల్. ఒక రకం చిక్కుడు గింజలు సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. తినే ముందు జీలకర్ర పొడి, నిమ్మరసం, నూనె కలిపి రొట్టెతో తింటారు. మొరాకోలో అయితే ఉప్పు పక్కనే జీలకర్ర పొడి పెడతారు. కాల్చిన గొర్రెమాంసం, ఉడికిన గుడ్డు అందులో అద్దుకుంటారు. స్పెయిన్ వాళ్లు మోసుకెళ్తే మెక్సికో చేరింది. అక్కడ మిరపకాయలతో నూరే ముద్దలో చిటికెడు చాలు.

నిప్పు మీద ఒకచోట, నిప్పు దించాక ఒకచోట, కంచంలో ఒకచోట. పొడి అదే, వేసే వేళను బట్టి వంట మారుతోంది. మనకీ ఆ లెక్క ఉంది: మజ్జిగలోకి వేయించిన పొడి, మిరియాల చారులోకి పచ్చిది కచ్చాపచ్చాగా దంచి, పెళ్లిలో వధూవరుల తల మీదకి బెల్లంతో నూరి. మన అమ్మమ్మలు, నాయనమ్మలు మిల్లు పనికి వచ్చిన మగవాళ్ల వెంట తెచ్చుకున్న సామానులో ఇదొకటి. పెట్టెలో పట్టేది కాదు గనక ఎవరూ లెక్కపెట్టలేదు.

పాకెట్‌లో పొడి దొరుకుతుంది, ఆ వేళ దొరకదు. పైగా పొడి చేసిన జీలకర్రకి వాసన తొందరగా పోతుంది. గింజలే కొనండి, వారానికి సరిపడా నాలుగు చెంచాలు వేయించి దంచుకోండి. దంచేటప్పుడు పిల్లల్ని, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ, పక్కన కూర్చోబెట్టుకోండి. బడిలో మరాఠీ, ఇంగ్లీషు నేర్చుకుంటారు, మంచిదే. ఏ వాసన రాగానే మూకుడు దించాలో మాత్రం ఇంట్లోవాళ్లే చెప్పాలి.