పునరావాసం అంటే ఊరు ఖాళీ చెయ్యడమా?

విశాఖపట్నంలో నరాల డాక్టరుగారు మా అప్ప స్కాన్ చూసి, "మందులతో పాటు పునరావాసం కూడా కావాలమ్మా" అన్నారు. పక్కనే నిలబడ్డ మా అమ్మ ముఖం వాడిపోయింది. బయటికొచ్చాక సవర భాషలో మమ్మల్ని అడిగింది, "మనల్ని ఊర్లోంచి ఎందుకు లేపేస్తారు?" అని.

అమ్మ తప్పేం లేదు. వంశధార రిజర్వాయరు కింద, తోటపల్లి కింద ఊర్లు పోవడం చూసిన మా వైపు మనుషులకు పునరావాసం అంటే ఒకటే అర్థం. సామాన్లు మూటగట్టుకుని, వాళ్ళు చూపించిన కాలనీకి పోవడం. డాక్టరుగారు చెప్పింది వేరు. పట్టుతప్పిన కాళ్ళకు కసరత్తు నేర్పి, మనిషి తన పని తాను చేసుకునేలా చెయ్యడం. అదీ ఊరు వదలకుండా, ఇంటి దగ్గరే, ఫోన్‌లో చూసి చేయిస్తామన్నారు.

ఆ మాటకి మాకు ప్రాణం లేచొచ్చింది. మాది సీతంపేట ఏజెన్సీలో కొండ మీద ఊరు. కొండ దిగి ఆటో ఎక్కాలి, పాలకొండలో బస్సు ఎక్కాలి, శ్రీకాకుళంలో మారాలి. కాలు రాని మనిషిని కొండ దింపాలంటే డోలీయే. ఒక్కసారి విశాఖ వెళ్ళొస్తే ఇద్దరి కూలి రెండు రోజులు పోతుంది. జీడి తోటలో పని ఉన్న నెలల్లో అది పెద్ద దెబ్బ.

అప్పకి వచ్చిన జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే పొరను తినేస్తుంది. కరెంటు తీగ మీద రబ్బరు ఊడిపోయినట్టు అని మాకు చెప్పారు. 1868లో ఫ్రాన్సులో షార్కో అనే డాక్టరు దీన్ని విడిగా గుర్తుపట్టారట. లోకం మొత్తం మీద 28 లక్షల మందికి పైగా ఉన్నారు, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. మా ఊర్లో మాత్రం ఈ పేరు ఎవరూ వినలేదు. అప్ప సంతకు చీపుర్ల మోపు ఎత్తుకెళ్తూ దారిలో కూలబడితే ఎజ్జోడిని పిలిచాం, కోడిని కోశాం. తర్వాత కన్ను మసకబారితే అప్పుడు ఆస్పత్రికి పోయాం. ఆ ఆలస్యం మాదే.

ఫోన్ కసరత్తు వారానికి రెండుసార్లు. అటువైపు ఫిజియోథెరపీ మేడం, ఇటువైపు అప్ప. మా ఇంట్లో సిగ్నల్ లోపలికి రాదు. అరుగు చివర, చూరు కింద ఒక్క మూల వస్తుంది. అందుకని అక్కడ ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఎదురుగా ఫోన్ పెట్టాం. మేడంకి కనబడేది అప్ప, ఆమె వెనక గోడ. అరుగు అంచు జానెడు దూరంలో ఉందని ఆమెకు కనబడదు. కింద మోకాలెత్తు పల్లం ఉందని తెలీదు. పొద్దున్నే అలికిన తడి ఆరలేదని అంతకన్నా తెలీదు. ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు.

నాలుగో వారం "కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమ్మా" అన్నారు. కుర్చీ జారింది. అప్ప అంచు మీదుగా కిందపడింది. అదే టైముకి కాల్ తెగిపోయింది. మేం పెరట్లో ఉన్నాం. పదినిమిషాలకి ఫోన్ మళ్ళీ మోగితే గానీ అప్ప కింద ఉందని మాకు తెలీలేదు. మణికట్టు వాచింది, ఎముక విరగలేదు.

ఆ రోజు అమ్మ ఫోన్ తీసి ధాన్యం గాదె మీద పెట్టేసింది. "ఇంక వద్దు. కూకుంటే పడదు కదా" అంది. మేమూ సరే అన్నాం. రెండు నెలలు కసరత్తు లేదు. ఆ రెండు నెలల్లో అప్ప కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. అంతకుముందు గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళే మనిషి, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేని దాకా వచ్చింది. పడిపోతామని మానేస్తే ఇంకా పడిపోయే స్థితికి వస్తామని మాకు అప్పుడు తెలిసింది. ఈ జబ్బున్నవాళ్ళలో ఎలాగూ సగం మందికి పైగా ఏ మూడు నెలలు తీసుకున్నా ఒక్కసారైనా పడతారని మేడం తర్వాత చెప్పారు. కాబట్టి కసరత్తు మానడం కాదు, పడకుండా చేయించడం నేర్చుకోవాలి.

మేమే మళ్ళీ ఫోన్ చేశాం. ఈసారి కసరత్తు కాకుండా ముందు ఇల్లు చూపించాం. ఫోన్ పట్టుకుని అరుగు, అంచు, గడప, పొయ్యి, పెరట్లోకి వెళ్ళే దారి అన్నీ తిప్పి చూపించాం. మేడం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది నేను మొదటిరోజే చూడాల్సింది" అన్నారు. ఆ రోజు ఇద్దరం కలిసి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

అరుగు అంచున నడుం ఎత్తులో వెదురు కట్టాం. కుర్చీ వెనక్కాళ్ళు గోడకి ఆనాలి. కసరత్తు రోజున అక్కడ అలకడం లేదు. పక్కన ఒక మనిషి లేకపోతే నిలబడే కసరత్తు లేదు, కూర్చుని చేసేవే. ఆ మనిషి చెయ్యి పట్టి లాగకూడదు. అప్ప నడుముకి గట్టి తువ్వాలు కట్టి, దాన్ని పట్టుకోవాలి. కాల్ తెగితే అప్ప వెంటనే కూర్చోవాలి, మళ్ళీ కలిసేదాకా లేవకూడదు. అన్నిటికన్నా ముందు, ప్రతిసారీ మేడం అడిగే మాటలు రెండు: "ఎక్కడున్నారు? పక్కన ఎవరున్నారు?" ఎందుకంటే ఏమైనా అయితే విశాఖలో ఉన్న ఆమె పరిగెత్తుకు రాలేరు. మా ఊరి ఆశా కార్యకర్త నంబరు ఆమె దగ్గర ఉంటే, 108కి చెప్పాల్సిన దారి రాసి ఉంటే, అదే పరిగెత్తడం.

ఎండ సంగతి కూడా అప్పుడే తెలిసింది. రేకుల కింద మధ్యాహ్నం చేస్తే అప్పకి చూపు మసకయ్యేది. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని ఏడ్చేవాళ్ళం. ఒళ్ళు వేడెక్కితే పొర ఊడిన నరాల్లో కబురు నెమ్మదిస్తుంది, చల్లబడితే మళ్ళీ మామూలవుతుంది. 1890లోనే ఊటాఫ్ అనే జర్మనీ కంటి డాక్టరు దీన్ని రాసిపెట్టారట. ఇప్పుడు కోడి కూసిన వేళకే కసరత్తు, మెడ మీద తడిగుడ్డ. కొత్తగా వచ్చిన లక్షణం, జ్వరం లేకుండా ఒక రోజు దాటి ఉండిపోతే మాత్రం డాక్టరుకి చెప్పాలి.

ఇంకొకటి రాయడానికి సిగ్గుపడ్డాం, కానీ రాయాలి. మొదట్లో ఫోన్ మోగితే వీధి వీధంతా అరుగు ముందు చేరేది, సినిమా చూసినట్టు. మేడం "మూత్రం ఎలా వస్తోందమ్మా?" అంటే అప్ప తల దించుకుని "బాగుంది" అనేది. బాగాలేదు. ఆపుకోలేక, బయటికి వెళ్ళలేక నీళ్ళు తాగడమే మానేసింది. మంట, జ్వరం వచ్చి ఒక వారం కాళ్ళు అసలు పనిచెయ్యలేదు. ఇప్పుడు ఆ మాటలకి మా ఇంటి కోడలు ఒక్కతే పక్కనుంటుంది. మగవాళ్ళం బయటికి పోతాం. మేడం తెలుగులో అడిగింది అమ్మకి ఆమే సవరలో చెప్తుంది. మంట, జ్వరం ఉన్న రోజు కసరత్తు లేదు, పీహెచ్‌సీకి వెళ్ళడమే.

ఫోన్‌తో అన్నీ అయిపోతాయని మేం చెప్పడం లేదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లోనే, దూరం నుంచి చూస్తే చాలదనిపిస్తే డాక్టరు నేరుగా రమ్మనాలని ఉంది. మేమూ రమ్మన్నప్పుడల్లా అప్పను తీసుకెళ్తున్నాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు కూడా ఉంది. సదరం శిబిరానికి వెళ్ళేవాళ్ళు ఆ మాట గట్టిగా అడగాలి.

మన ఊర్లకు రోడ్డు కన్నా ముందు సిగ్నల్ వస్తోంది. రేపు పక్షవాతం వచ్చినవాళ్ళకీ, కాలు విరిగినవాళ్ళకీ ఇలాగే ఫోన్‌లో కసరత్తు చెప్తారు. కాదనకండి. కానీ మొదటిరోజు మనిషిని కాదు, ఇంటిని చూపించండి.

అప్ప ఇప్పుడు వెదురు పట్టుకుని అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. సంతకు వెళ్ళలేదు, చీపుర్లు కూర్చుని కడుతోంది. పొద్దున్నే ఫోన్ మోగుతుంది. "ఎక్కడున్నారు? పక్కన ఎవరున్నారు?" అని వినబడుతుంది. "ఊర్లోనే ఉన్నాం" అని అమ్మే ముందు జవాబు చెప్తుంది.