గొడ్డు మేయని గడ్డి

మిన్నెసోటాలో ఇల్లు కొన్నవాళ్లకి మార్ట్‌గేజ్‌తో పాటు ఇంకో బాధ్యత కూడా చేతికొస్తుంది, అదే లాన్. ఐదు నెలలు మంచు కిందే ఉంటుంది కదా, పనేముంటుందిలే అనుకుంటాం. మిగిలిన ఏడు నెలల్లో అది చాకిరీ అంతా వడ్డీతో సహా వసూలు చేస్తుంది. మన ఇళ్లల్లో చాలాచోట్ల ఇది మగవాళ్ల డిపార్ట్‌మెంటు. మావారు వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగంలోకి మారాక మా ఇంట్లో అది నాదైంది.

ఇక్కడి గడ్డికి ఒక పంచాంగం ఉంది. ఏప్రిల్‌లో మంచు కరిగాక అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. అది స్నో మోల్డ్ అనే బూజు. నేల కాస్త ఆరాక రేక్‌తో తేలిగ్గా దువ్వితే చాలు, చాలావరకు దానంతటదే కోలుకుంటుంది. బురదగా ఉన్నప్పుడు తొక్కితే మట్టి గట్టిపడి వేళ్లకి గాలాడదు. మట్టి వేడి 50, 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరేటప్పుడు క్రాబ్‌గ్రాస్ మొలుస్తుంది కాబట్టి, దానికి మందు వేసేవాళ్లు అంతకు ముందే వేయాలి. ఆ మందు పడ్డచోట మనం చల్లిన గడ్డి విత్తనాలూ మొలవవు.

ఎండాకాలంలో గడ్డిని మూడంగుళాల ఎత్తు ఉంచి, ఒక్కసారికి మూడోవంతుకి మించకుండా కోయాలి. కోసిన ముక్కల్ని అక్కడే వదిలేస్తే అదే ఎరువు. జులైలో గోధుమరంగుకి తిరిగితే చచ్చిపోయిందని కంగారు పడక్కర్లేదు, నిద్రపోతుందంతే. ఇక్కడ ఎక్కువగా ఉండేది కెంటకీ బ్లూగ్రాస్. పేరులో కెంటకీ ఉన్నా యూరప్ నుంచి వచ్చింది. మనలాగే వలస వచ్చినదే!

అసలు పని ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు. మట్టికి రంధ్రాలు చేసే ఏరేషన్, కొత్త విత్తనాలు, ఎరువు అన్నీ అప్పుడే. సరిగ్గా వినాయక చవితి రోజులు. టెక్సస్‌లో ఉండే మా చెల్లెలికి పూజకి వెతుక్కునే పనే లేదు. అక్కడివాళ్లు బెర్ముడా గ్రాస్ అని లాన్ నిండా పెంచేది మన గరికనే. ఇక్కడి చలికి అది బతకదు. నేను కిటికీ దగ్గర కుండీలో పెంచుతాను.

మొన్న మే నెలలో అమ్మ వచ్చింది. మాది కదిరి దగ్గర పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఉమ్మడి అనంతపురం జిల్లా. 2002 కరువులో మేత దొరక్క నాన్న ఎద్దుల జతను అమ్మేశారు. స్ప్రింక్లర్లు తిరుగుతుంటే అమ్మ వరండాలో కూర్చుని చూసి, “ఇంత గడ్డి యా గొడ్డు మేస్తాదిమ్మే?” అంది. ఏ గొడ్డూ మేయదమ్మా అన్నాను. “మరి దేనికి?” అంది. ఇల్లు అందంగా ఉంటుందని, అమ్మితే ధర వస్తుందని ఏదో చెప్పాను. 2005లో నాసా శాస్త్రవేత్తలు ఉపగ్రహ సమాచారంతో లెక్క కట్టి, అమెరికాలో నీళ్లు కట్టి పండించే మొక్కజొన్న కంటే లాన్‌లు మూడింతలు ఎక్కువ నేల ఆక్రమించాయని తేల్చారు. ఆ మాట మాత్రం ఆమెకి చెప్పలేకపోయాను.

జులైలో ఓ రోజు ఒడినిండా గంగపాయల కూర కోసుకొచ్చింది. పప్పులో వేద్దామని ఆమె సంబరం. ఆ ముందురోజే మందు కొట్టేవాళ్లు వచ్చి, పిల్లల్ని, కుక్కల్ని రానివ్వొద్దని చిన్న జెండాలు గుచ్చి వెళ్లారు. వాళ్లు చంపడానికి వచ్చిన కలుపు ఇదేనమ్మా అని చెప్పి చెత్తబుట్టలో పడేస్తుంటే ఆమె మొహం చూడలేకపోయాను. మందు పడని చోటైతే నిక్షేపంగా తినొచ్చు. పోలికగా ఉండే స్పర్జ్ అనే మొక్క ఒకటుంది, తుంచితే పాలు కారుతుంది, అది మాత్రం తినకూడదు.

ఆ రాత్రి ఫోన్లో మావారితో మందు మానేద్దామన్నాను. “వీధిలో మనదొక్కటే ఇండియన్ ఇల్లు. కలుపు పెరిగితే మనల్నే అంటారు” అన్నారు. ఆ భయం ఉత్తదని నేననను, నాకూ ఉంది. పాతికేళ్లు ఇక్కడున్నా, మన ముంగిలి చూసి మనల్ని తూకం వేస్తారేమోనన్న బెరుకు పోదు. చివరికి ముందువైపు గడ్డి అలాగే ఉంచి, వెనకవైపు నాకు వదిలేశారు.

వెనక అప్పటికే కొంచెం తెల్ల క్లోవర్ ఉంది. అమ్మ ఒక మొక్క వేళ్లతో సహా పీకి చూసి, “శనక్కాయ చెట్టుకున్నట్టే బుడిపెలుండాయే!” అంది. నిజమే, రెండూ ఒకే కుటుంబం. గాలిలోని నత్రజనిని ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియా ఎరువుగా మారుస్తుంది. ఆగస్టు చివర ఇద్దరం కలిసి ఫైన్ ఫెస్క్యూ గడ్డి, క్లోవర్, సెల్ఫ్ హీల్ కలిపిన ‘బీ లాన్’ విత్తనాలు చల్లాం. తేనెటీగల కోసం ఇలా పెంచుకునే వాళ్లలో ఎంపికైనవారికి ఖర్చులో కొంత తిరిగిచ్చే ‘లాన్స్ టు లెగ్యూమ్స్’ పథకం మా రాష్ట్రంలో 2019 నుంచి ఉంది.

ముందువైపు గడ్డికి ఎరువు వేసేవాళ్లు సంచి మీది మూడంకెల్లో మధ్యది చూడండి. అది ఫాస్ఫరస్. వానకి కొట్టుకుపోయి చెరువుల్లో నాచు పెంచుతుందని, కొత్తగా వేసిన లాన్‌కో, మట్టి పరీక్షలో లోటు తేలితేనో తప్ప మిన్నెసోటాలో దాన్ని వాడనివ్వరు. 2005 నుంచి రాష్ట్రమంతటా ఇదే చట్టం. సిమెంటు మీద పడిన ఎరువునీ ఊడ్చేయాలి. అక్టోబరులో ఆకుల్ని మోవర్‌తో ముక్కలు చేసి వదిలేయడం, గడ్డకట్టేలోపు స్ప్రింక్లర్ పైపుల్లో నీళ్లు గాలితో ఊదించేయడం మర్చిపోకండి.

అక్టోబరులోనే అమ్మ వెళ్లిపోయింది. ఇప్పుడు ఆదివారం ఫోన్లో పిల్లల సంగతి అయ్యాక, పైరు గురించి అడిగినట్టే అడుగుతుంది, “మన విత్తనం ఎట్లుండాది?” అని. మంచు కింద ఉందమ్మా, ఏప్రిల్ దాకా తెలియదు అంటాను. “వానకి చూసినట్టే చూడాల్లే” అంటుంది.