అక్షరం తప్పిన చొక్కా

మా యింట్లో ఒక పాత టీ షర్టు ఉన్నది. నల్లనిది. ఇప్పుడు నల్లనిదంటే ఎవరూ నమ్మరు గాని, కొన్ననాడు నల్లగానే ఉండేది. దాని రొమ్ము మీద మైకేల్ జాక్సన్ బొమ్మా, బొమ్మ క్రింద ఇంగ్లీషులో అతని పేరూ అచ్చు వేసి ఉన్నాయి. మా ఆవిడ రెండుసార్లు దాన్ని నేల తుడిచే గుడ్డల్లో వేసింది. రెండుసార్లూ నేను బక్కెట్లోనుంచి తీసి, ఉతికి, మళ్ళీ బీరువాలో పెట్టుకొన్నాను. "అందులో ఏముందండీ అంత?" అని ఆమె అడిగితే ఏదో చెప్పి దాటవేసేవాణ్ణి. ఇన్నేళ్ళకు ఆ సంగతి ఈ పత్రికలో వ్రాయవలసి వచ్చింది.

జాక్సన్ బొంబాయిలో పాడినది 1996 నవంబరు 1వ తేదీన. అప్పటికి ఊరిపేరు ముంబయిగా మారి యేడాది అయింది గాని మా వర్లీ చాళ్ళలో ఇంకా బొంబాయే. విమానాశ్రయంలో సోనాలీ బేంద్రే మరాఠీ కట్టు చీరతో హారతి పట్టి స్వాగతమిచ్చింది. ఆ యేడే నేను మెట్రిక్ ప్యాసయ్యాను. మా చాళీలో కుర్రవాళ్ళందరం వెనక్కు వెనక్కు నడిచే అతని నడకను సాధన చేసి చెప్పులు అరగదీసుకొంటున్న రోజులవి. అంధేరీ క్రీడామైదానంలో సభ. టిక్కెట్టు మా తాహతుకు అందేది కాదు, అడగాలని కూడా నాకు తోచలేదు.

మా బాపు మిల్లులో సాంచెల ఖాతాలో పనిచేసినవాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రమారమి రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానుకొన్నారు. వారిలో చాలామందివలెనే ఆయనకూ మళ్ళీ ఆ గేటు లోపలికి వెళ్ళే యోగం కలగలేదు. తరువాత ఒక మేడకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆనాడు సాయంత్రం ఆయనే, ఎవరు చెప్పారో ఏమో, "నడువు బిడ్డా, బయటినుంచన్న ఇందాం" అని నన్ను బయలుదేరదీశాడు. లోయర్ పరేలులో బండి ఎక్కి అంధేరీలో దిగి జనంతోపాటు నడిచాము. గోడ ప్రక్కన మావంటి వాళ్ళు వందలు. లోపలినుంచి వెలుతురు ఆకాశం మీదికి కొడుతున్నది, మనిషి మాత్రం కనబడడు. చప్పుడు కాళ్ళలోనుంచి పైకి వస్తున్నది.

నాకు ఇంగ్లీషు పాట సగం తెలిసేది, బాపుకు ఒక్క ముక్కా తెలియదు. విసుగు పడతాడేమోనని నేను మధ్యమధ్య ఆయన మొహం వంక చూస్తూనే ఉన్నాను. ఆయన గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకొని, చాలాసేపు ఊరకున్నాడు. తరువాత, "గిది మా సాంచెల ఖాతా లెక్కనే ఉన్నది రా. పధ్నాలుగేండ్లాయె గిట్ల చెవులు నిండక" అన్నాడు. సభ అయిపోయేదాకా ఆయన కదలలేదు. నేనే ఇంటికి పోదామన్నాను.

తిరుగుదారిలో పేవ్‌మెంటు మీద ఒకడు టీ షర్టులు పరచి అమ్ముతున్నాడు. ఎనభై అన్నాడు. బాపు మరాఠీలో బేరమాడి అరవైకి దించాడు. డబ్బు ఇచ్చేముందు గుడ్డను బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ పెట్టి నలిపి, వెలుతురుకు ఎత్తి చూసి, "దారం మంచిది గాదు. రెండు ఉతుకులకే రంగు ఇడుస్తది. అయినా తీస్కో, గుర్తుంటది" అన్నాడు. అరవై రూపాయలు అప్పట్లో మాకు చిన్న మొత్తం కాదు.

ఇంటికి వచ్చి దీపం క్రింద విప్పి చూస్తే జాక్సన్ పేరులో ఇంగ్లీషు 'సి' అక్షరం లేదు! బాపుకు ఇంగ్లీషు రాదు. నేను చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

కాని చెప్పిన అబద్ధం మరొకటి ఉన్నది. ఆ చొక్కా వేసుకొని వీధిలోకి వెళ్ళినప్పుడు, "నువ్వు లోపలికి వెళ్ళావా?" అని తోటివాళ్ళు అడిగితే ఔనన్నాను. ఒకసారి ఔనన్న తరువాత కాదనడం కష్టం. ఆఫీసులో చేరినాక కూడా అదే మాట నిలబెట్టుకొన్నాను. 2009 జూన్‌లో జాక్సన్ చనిపోయిన వార్త వచ్చిన రోజున తోటి గుమాస్తాలు నాచుట్టూ చేరి ఆ సభ ఎట్లా జరిగిందో చెప్పమన్నారు. పత్రికల్లో చదివినదంతా కళ్ళారా చూసినట్టు వర్ణించాను. గోడ సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆ వర్ణనలో బాపు ఎక్కడా లేడు.

ఇటువంటి చొక్కాలకు అమెరికాలో ఎంత గిరాకీ ఉన్నదో ఈమధ్యనే తెలిసింది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం పేరుతో 1967 నాటి టీ షర్టు ఒకటి 2021లో వేలంపాటలో పదిహేడువేల డాలర్లు దాటి పలికిందట. అది అసలు సరుకు. మాది నకలు, అందులోనూ తప్పుల నకలు.

2025 జనవరిలో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బృందం నవీ ముంబయిలో డి.వై. పాటిల్ స్టేడియంలో 18, 19, 21 తేదీలలో పాడింది. మా అమ్మాయి తన మొదటి జీతంలోనుంచి టిక్కెట్టు కొనుక్కొని, "పప్పా, నీ జాక్సన్ చొక్కా వేసుకు వెళ్తాను. నువ్వూ ఒకప్పుడు వెళ్ళావుగా!" అన్నది. అప్పుడు చెప్పేశాను. గోడా, బాపూ, సాంచెలూ, 'సి' అక్షరమూ, అన్నీ. వంటింట్లోనుంచి మా ఆవిడ కూడా వచ్చి నిలబడి విన్నది. అమ్మాయి కాసేపు ఏమీ అనకుండా చొక్కాను వెలుతురుకు ఎత్తి చూసింది. వాళ్ళ తాత చేసినట్టే చేసిందని ఆమెకు తెలియదు. భుజం దగ్గర చిరుగు ఉంటే తానే కుట్టుకొని, అదే వేసుకొని వెళ్ళింది.

అర్ధరాత్రి దాటినాక వచ్చింది. చూడవచ్చిన వారందరి చేతులకూ పట్టీలు కట్టారట. పాటను బట్టి అవి రంగులు మారుతూ వెలిగాయట. బయటికి వచ్చేటప్పుడు అప్పగించి రావాలట. తాను మాత్రం బృందంవారి టీ షర్టు ఒకటి కొనుక్కొన్నది. మరాఠీలో "ఆఠవణ్" అంటే జ్ఞాపకమూ, జ్ఞాపకంగా దాచుకొనే వస్తువూ రెండూను. "ఆఠవణ్ పప్పా" అని నవ్వుతూ నా చేతిలో పెట్టింది. దాని ధర మొదట చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు. వ్రేళ్ళమధ్య నలిపి చూశాను. దారం మంచిదే.

"అక్కడ ఎవరో ఈ పాత చొక్కా చూసి, మీవాళ్ళు 96లో లోపలికి వెళ్ళారా అని అడిగారు పప్పా" అన్నది.

"ఏం చెప్పావు?"

"మా తాతా, మా పప్పా గోడ బయట నిలబడి విన్నారని చెప్పాను. ఫోటో తీసుకొన్నారు" అన్నది.

మర్నాడు ఆదివారం. ఆ చొక్కాను నేనే చన్నీళ్ళలో జాడించి వరండాలో నీడపట్టున ఆరవేశాను. బక్కెట్లో నీళ్ళు ఇంకా కొంచెం నల్లబడ్డాయి.