అద్దం ముందు ఎర్రదీపం

ఈమధ్య తారలు పెడుతున్న సెల్ఫీలు చూశారా? ముఖమంతా తెల్లటి ముసుగు, కళ్ల దగ్గర రెండు కంతలు, లోపల్నుంచి ఎర్రటి వెలుగు! అర్ధరాత్రి వసారాలో ఎదురైతే మా బామ్మ ఆంజనేయ దండకం అందుకోవడం ఖాయం. దాని పేరు ఎల్.ఇ.డి. మాస్కు. పెట్టుకుంటే ముడతలు పోయి పదహారేళ్ల ప్రాయం తిరిగొస్తుందట!

మా చిన్నాన్నగారమ్మాయి టీవీ సీరియళ్లలో కథానాయిక స్నేహితురాలి వేషాలు వేస్తుంది. ఇరవై నాలుగేళ్లు. "క్లోజప్పులో నీ ముఖం వాడిపోయినట్టుందమ్మా" అని ఓ పెద్దమనిషి సెట్లో అందరి ముందూ అన్నాడట. అంతే... "అన్నయ్యా! నలభై వేలు. వాయిదాల మీద ఇస్తారు. కొననా?" అని ఫోను. నెలకి పది పన్నెండు రోజులే పని దొరికే పిల్ల. నవ్వి ఊరుకోవడానికి మనసొప్పలేదు. దొరికిందల్లా చదివాను, తెలిసిన చర్మవైద్యురాలిని విసిగించాను.

చెప్పొద్దూ, వెలుగు సంగతి ఉత్త బూటకం కాదు! 1967లో హంగేరీలో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు బొచ్చు గొరిగిన ఎలుకల మీద బలహీనమైన లేజర్ ప్రసరింపజేస్తే, బొచ్చు త్వరగా పెరిగింది. ఆయన వెతికింది మాత్రం వేరే! 1990లలో నాసా, రోదసిలో మొక్కలు పెంచే ఎర్ర దీపాలు గాయాలు మాన్పడానికి పనికొస్తాయా అని పరిశోధన చేయించింది. 630, 660 నానోమీటర్ల మధ్య ఉండే ఎర్రకాంతి చర్మంలోకి కొద్ది మిల్లీమీటర్లు దిగుతుంది. కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా దాన్ని పీల్చుకుంటాయనీ, దాంతో కొల్లాజెన్ తయారుచేసే కణాలు చురుకవుతాయనీ శాస్త్రజ్ఞుల వివరణ. 415 దగ్గరుండే నీలికాంతి మొటిమల బాక్టీరియాని చంపుతుంది.

కానీ ఇంటి యంత్రాల్లో పస తక్కువ. వారానికి మూడు నుంచి ఐదుసార్లు, పూటకి పది నిమిషాలు, రెండు మూడు నెలలు ఓపిక పడితే సన్నగీతలు కాస్త పలచబడొచ్చు. మానేస్తే అంతే సంగతులు! జెల్ పూసి సన్నటి కరెంటు పంపే మైక్రోకరెంట్ సాధనాలిచ్చే బిగువు ఇంకా తాత్కాలికం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ, గర్భిణులూ వాటి జోలికి పోకూడదు. ఇక పెట్టెమీద 'ఎఫ్.డి.ఎ. క్లియర్డ్' అని ఉంటే మురిసిపోకండి. చాలావాటి విషయంలో, ఇదివరకే అమ్ముతున్న ఓ సాధనంలాంటిదే ఇదీ అని ఒప్పుకున్నారనే దాని అర్థం.

అన్నట్టు, తెరమీద నిగారింపులో సగం కెమెరామన్ లైట్లది, ఇంకాస్త డి.ఐ. గదిది. ఆ పెద్దమనిషికి ఇది తెలియదా!

మా అమ్మాయికి బుగ్గలమీద మంగు ఉంది. మనలాంటి చామనఛాయ చర్మానికి నీలికాంతీ, వేడీ తగిలితే మంగు ముదరొచ్చునని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రంగు కలిసిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాయమంది. పొద్దున ఐదింటికి మేకప్పు, రాత్రి పదింటికి ప్యాకప్పు, మధ్యలో ఔట్‌డోర్ ఎండ... ముఖం వాడక ఏంచేస్తుంది? ఇదంతా చెప్పి కొనొద్దన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు!

మీలో ఎవరైనా కొనేసి ఉంటే ఒక్కమాట. కంటి జబ్బులున్నవాళ్లకీ, కాంతికి చర్మం కందిపోయేలా చేసే మందులు వాడేవాళ్లకీ కళ్లు దెబ్బతినొచ్చన్న అనుమానంతో 2019లో ఓ పేరున్న మొటిమల మాస్కుని బజారునుంచి వెనక్కి తీసుకున్నారు. మొటిమలకి చాలామందికి రాసే డాక్సీసైక్లిన్ కూడా అలా కందిపోయేలా చేసే మందే. మీ మందుల చీటీలో ఆ పేరుంటే, స్విచ్చి నొక్కేముందు డాక్టర్ని అడగండి.