యూనమా, ఫ్రెండ్‌షిప్పా? మేం కొండ ఎలా ఎంచుకున్నామంటే

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం ఐదుగురం. నర్సీపట్నంలో డిగ్రీ చదువుతున్నాం. ఊళ్లు మాత్రం చింతపల్లి, జీకే వీధి, కొయ్యూరు మండలాలు. హిమాలయాల్లో ఒక్క శిఖరమైనా ఎక్కాలని రెండేళ్లుగా చిట్టీ కట్టినట్టు నెలనెలా డబ్బు దాస్తున్నాం. అందులో ఎక్కువ కాఫీ పళ్ల కోతకి వెళ్లిన కూలి డబ్బే. అది ఒక్క కొండకే సరిపోతుంది. వెతగ్గా వెతగ్గా రెండు పేర్లు మిగిలాయి. రెండూ హిమాచల్‌లోనే, రెండింటికీ మనాలి మీదుగానే వెళ్లాలి. ఒకటి లాహౌల్ వైపు యూనమ్, 6,111 మీటర్లు. రెండోది మనాలికి దగ్గర్లోని ఫ్రెండ్‌షిప్ పీక్, 5,289 మీటర్లు.

హాస్టల్ మేడ మీద కూర్చుని ఓట్లు వేసుకున్నాం. నాలుగు యూనమ్‌కి, ఒకటి ఫ్రెండ్‌షిప్‌కి. ఎందుకు యూనమ్ అంటే నిజం చెప్పేస్తాం, ఆ ఆరు వేలు అనే అంకె కోసమే. "ఆరు వేల మీటర్లు దాటిన ఆదివాసీ విద్యార్థులు" అని పేపర్లో పడుతుంది కదా. ఫ్లెక్సీలో ఎవరి ఫోటో మధ్యలో ఉండాలో కూడా మాట్లాడేసుకున్నాం, టిక్కెట్లు ఇంకా తియ్యకుండానే! ఇంకో కారణం కూడా ఉంది. యూనమ్ చాలావరకు రాళ్లూ గుల్లమట్టీ ఉన్న దారి. ఫ్రెండ్‌షిప్‌లో మంచు, మంచులో పగుళ్లు, బూట్లకి ముళ్ల పట్టీలు, తాడు, మంచుగొడ్డలి. మాలో ఒకడు అన్నాడు: "తాడు కట్టుకోడం మనకి రాదు గానీ రాళ్ల మీద నడవడం పుట్టుకతో వచ్చింది, ఇంకా ఆలోచనేటి?"

ఫ్రెండ్‌షిప్‌కి ఓటు వేసింది మాలో ఉన్న ఒక్క ఆడపిల్ల. ఏమీ వాదించలేదు. నోటుబుక్కు వెనక అట్ట మీద ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో రాసి చూపించింది.

మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అక్కడే ఆగాలని డాక్టర్లు చెబుతారు. మేం చూసిన యూనమ్ ప్యాకేజీలో ఒక రాత్రి జిస్పాలో, అంటే సుమారు 3,200 మీటర్లు. తర్వాత రాత్రి భరత్‌పూర్‌లో, సుమారు 4,700. జీపులోనే 1,500 మీటర్లు పైకి! 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. మన లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్ల చిల్లర. మన ఏజెన్సీలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం కూడా 1,700 దాటదు. "కొండోళ్లం కదా, మనకేటి" అని మేమూ అన్నాం. ఆ అలవాటు కాళ్లకి ఉంది గానీ రక్తానికి లేదు.

అప్పటికీ మేం తగ్గలేదు. "ఇంకో రెండు రోజులు మధ్యలో ఆగుదాం" అన్నాం. అప్పుడు తను మ్యాప్ తీసి ఒకే మాట అడిగింది. "భరత్‌పూర్‌లో ఎవరికైనా ఊపిరి అందకపోతే ఎటు దిగుతాం?"

చూస్తే భరత్‌పూర్ బారాలాచా కనుమకి అవతల ఉంది. మళ్లీ కీలాంగ్ ఆసుపత్రి వైపు రావాలంటే ముందు ఆ కనుమ ఎక్కాలి. 4,890 మీటర్లు. అంటే ఎత్తు వల్ల జబ్బు చేసినవాణ్ని ఇంకా ఎత్తుకి తీసుకెళ్లి కిందకి దింపాలన్నమాట. రెండోవైపు సర్చూ కొంచెం కిందే గానీ అదీ నాలుగు వేల పైనే. ఫ్రెండ్‌షిప్ అయితే ధుండీ నుంచి నడక. బకర్‌థాచ్, లేడీ లెగ్, అలా మెట్టుమెట్టుగా వెళ్తాం. బాగోకపోతే వచ్చిన దారినే దిగిపోవచ్చు, ప్రతి అడుగూ కిందకే.

ఇక్కడ మాకు నోట మాట రాలేదు. మనలో డోలీ మొయ్యని వాళ్లెవరు? పురిటి నొప్పులతో ఉన్న వదినని మోసుకుంటూ, మధ్యలో గెడ్డ పొంగితే ఒడ్డున నిలబడిపోయిన రోజు మాలో ఇద్దరికి ఉంది. దారి గురించి అంత తెలిసినవాళ్లం, అంకె చూసేసరికి మర్చిపోయాం.

పూర్ణ సంగతి కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. 2014 మే 25న మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారని అందరికీ తెలుసు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. కానీ ముందు భువనగిరి బండ, తర్వాత డార్జిలింగ్ శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలి. అవన్నీ అయ్యాకే ఎవరెస్ట్. మేం మాత్రం భువనగిరి వదిలేసి నేరుగా పైమెట్టు అడిగాం.

ఇంకో విషయం రాయాలా వద్దా అనుకున్నాం. వాడే రాయమన్నాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వెళ్తే డాక్టరు గారు సికిల్ సెల్ పరీక్ష అయిందా అని అడిగారు. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక మా ఊళ్లలోనూ రక్తం తీశారు, కార్డులిచ్చారు. మాలో ఒకడి కార్డు ఇంట్లో ట్రంకుపెట్టెలో రేషన్ కార్డు కిందే ఉండిపోయింది. తెప్పించి చూస్తే ట్రెయిట్ అని ఉంది. ట్రెయిట్ అంటే జబ్బు కాదు, భయపడొద్దు. మలేరియా తిరిగే మనలాంటి చోట్ల అది పిల్లల్ని కొంత కాపాడింది కూడా. కానీ బాగా ఎత్తుకి వెళ్లి, అలసిపోయి, ఒంట్లో నీరు తగ్గితే ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉందట. మనాలి దాకా పర్వాలేదు, పైకి మాత్రం వద్దన్నారు.

యూనమ్‌కి గట్టిగా ఓటు వేసినవాడు, రాళ్ల మీద నడవడం పుట్టుకతో వచ్చిందన్నవాడు వీడే. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మొత్తం ప్రయాణమే మానేద్దాం అన్నాం. దానికి మాత్రం తిట్టాడు. "నా వాటా వెనక్కి తీసుకోను, ఎల్లండి, నేను మనాలిలో ఉంటాను" అన్నాడు. సరే అన్నాం గానీ మనసు ఇంకా సర్దుకోలేదు.

మే నెలలో బయల్దేరుతున్నాం, ఫ్రెండ్‌షిప్‌కే. ఆదివారాలు డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు మీద బరువులతో నడుస్తున్నాం. వాడు బైకు మీద ముందెళ్లి మలుపు దగ్గర ఫోన్‌లో టైం చూస్తూ నిలబడతాడు, ఆలస్యమైతే అరుస్తాడు.

మీలో ఎవరైనా సికిల్ సెల్ కార్డు పెట్టెలో పడేసి ఉంటే ఈ వారం తీసి చూడండి. ఇంకో మాట, ఎవరి దగ్గరైనా వాడని ట్రెక్కింగ్ బూట్లు ఎనిమిదో నంబరువి, ఆరో నంబరువి ఉంటే ఇక్కడే కామెంట్లో చెప్పండి. జూన్‌లో శుభ్రంగా కడిగి తిరిగిచ్చేస్తాం.